మాస్టారు ఏం చేశారు? చదువు చెప్పినవారి జ్ఞాపకాలను సేకరించే పద్ధతి
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. తమకు చదువు చెప్పినవారి గురించి పెద్దల దగ్గర కూర్చుని విని, రాసి, దాచాలనుకుంటున్నవాళ్లే ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు కాబట్టి నేరుగా పనిలోకి దిగుతాను.

గురువుల మీద వచ్చే ప్రత్యేక సంచికలు, సన్మాన పత్రాలు, సంస్మరణ వ్యాసాలు తిరగేయండి. “మా మాస్టారు ఎంతో ఓపికగా చెప్పేవారు. పిల్లల్ని సొంత బిడ్డల్లా చూసుకునేవారు. ఆయన లేకపోతే ఇవాళ నేను ఈ స్థితిలో ఉండేవాణ్ని కాదు.” ఈ మూడు మాటలూ ఏదో ఒక రూపంలో కనిపిస్తాయి. మనస్ఫూర్తిగా రాసినవే, అందులో సందేహం లేదు. కానీ ఆ వ్యాసంలో మాస్టారి పేరు కొట్టేసి ఇంకొకరి పేరు రాసినా ఏమీ తేడా పడదు. అంటే ఆ మనిషి అందులోకి రానే లేదన్నమాట.

ఓపికగా చెప్పడమంటే ఏమిటో ఒక్క లెక్కలో చూద్దాం. రెండింట ఒకటికి మూడింట ఒకటి కూడమంటే ఒక అమ్మాయి పైవి పైవీ కూడి, కిందవి కిందవీ కూడి, అయిదింట రెండు అని రాసింది. మాస్టారు తప్పు అనలేదు, కొట్టివేయలేదు. “నీకొచ్చిన జవాబు సగం కంటే ఎక్కువా, తక్కువా?” అని అడిగి ఊరుకున్నారు. ఆ అమ్మాయి చూసుకుంది. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తక్కువ వచ్చింది! ఎక్కడో పొరపాటు జరిగిందని తనకే తెలిసింది. ఇది చదివిన ఇంకో టీచరు రేపు తన తరగతిలో అదే ప్రశ్న వేయగలరు. “ఓపికగా చెప్పేవారు” అన్న మాట చదివి ఎవరూ ఏమీ చేయలేరు. మనం రాబట్టాల్సింది ఈ మొదటి రకం జ్ఞాపకాన్ని. ఈరోజు చెప్పేదంతా దాన్ని ఎలా రాబట్టాలి, రాబట్టేటప్పుడు ఎక్కడ దెబ్బతింటాం అన్నదాని గురించే.

ముందు జ్ఞాపకం సంగతి కొంచెం తెలియాలి. నలభై దాటినవాళ్లని జీవితంలో గుర్తున్న సంఘటనలు చెప్పమంటే, సుమారు పదేళ్ల వయసు నుంచి ముప్ఫై లోపు జరిగినవి మిగతా కాలం కంటే ఎక్కువగా వస్తాయి. చాలా పరిశోధనల్లో తేలిన విషయమిది. మనకు కలిసొచ్చే విషయం కూడా, ఎందుకంటే బడి, కాలేజీ, మొదటి పని నేర్చుకోవడం అన్నీ ఆ కాలంలోనే. కాబట్టి డెబ్భై ఏళ్ల మనిషి “నాకేం గుర్తులేదండీ” అంటే నిరుత్సాహపడొద్దు. సరైన దారిలో అడిగితే వస్తాయి.

అయితే బాగా గుర్తుండటానికీ, సరిగ్గా గుర్తుండటానికీ చాలా దూరం ఉంది. 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక పేలిపోయింది. మర్నాడే అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయం విద్యార్థుల చేత ఆ వార్త ఎక్కడ విన్నారు, ఎవరు చెప్పారు, అప్పుడేం చేస్తున్నారు అని రాయించి, అల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ కాగితాలు దాచారు. రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగారు. 11 మంది చెప్పిన దాంట్లో ఒక్క ముఖ్యాంశం కూడా మొదటి కాగితంతో కలవలేదు. అయినా గట్టి నమ్మకంతో చెప్పారు. వాళ్ల చేతిరాతే వాళ్లకి చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. రెండున్నరేళ్లకే ఇలా ఉంటే, మనం యాభై ఏళ్ల నాటి తరగతి గది గురించి అడుగుతున్నాం. చెప్పేవాళ్లు అబద్ధం ఆడుతున్నారని దీని అర్థం కాదు. గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ మనసు ఆ సంఘటనను కొత్తగా కట్టుకుంటుంది. ఇటుకలు కొన్ని పాతవి, కొన్ని కొత్తవి.

గురుశిష్యుల జ్ఞాపకాల్లో ఇది ఎలా ఉంటుందో చూడాలంటే హెలెన్ కెల్లర్, ఆన్ సలివన్‌ల కంటే మంచి ఉదాహరణ లేదు. చూపు, వినికిడి లేని హెలెన్‌కు చదువు చెప్పడానికి సలివన్ 1887 మార్చి 3న వచ్చారు. ఏప్రిల్ 5న నీళ్ల పంపు దగ్గర ఆ పిల్లకు ప్రతి వస్తువుకూ పేరుంటుందని తెలిసింది. ఆ సంగతి మీరంతా వినే ఉంటారు. ఈ ఒక్క సంఘటనకు మనకు రెండు కథనాలు ఉన్నాయి. ఒకటి, ఆ రోజే సలివన్ రాసిన ఉత్తరం. రెండోది, పదహారేళ్ల తర్వాత 1903లో అచ్చయిన హెలెన్ ఆత్మకథ.

రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. తాను ‘మగ్’నూ ‘నీళ్లు’నూ కలిపేసుకున్నానని, ఆ పేచీ తర్వాత కోపంతో బొమ్మను నేలకు కొట్టి పగలగొట్టానని, ఎవరో నీళ్లు తోడుతుంటే టీచరు తన చేతిని ధార కింద పెట్టారని హెలెన్ రాశారు. సలివన్ ఉత్తరంలో చిక్కు ‘మగ్’కూ ‘పాలు’కూ మధ్య. ఈ రెండు పేర్లనూ పిల్ల ‘తాగడం’తో కలిపేసుకుంటోంది. పొద్దున మొహం కడుక్కుంటూ నీళ్ల పేరేమిటని తనే అడిగింది. సలివన్ పిల్ల అరచేతిలో వేళ్ల గుర్తులతో అక్షరాలు చెప్పారు. ఫలహారం అయ్యాక ఆమెకు తట్టింది, ఈ కొత్త మాటతో ఆ పాత చిక్కు విప్పవచ్చని. పంపు దగ్గరికి తీసుకెళ్లి, మగ్‌ను పిల్ల చేతికే ఇచ్చి ధార కింద పట్టించి, తనే పంపు కొడుతూ, మగ్ నిండుతుంటే పిల్ల ఖాళీ చేతిలో ‘నీళ్లు’ అన్న మాటను వేళ్లతో అక్షరం అక్షరంగా చెప్పారు. మగ్ జారి కింద పడింది. పిల్ల కదలకుండా నిలబడిపోయింది. కొన్ని గంటల్లో ముప్ఫై కొత్త మాటలు నేర్చుకుందని సలివన్ లెక్క కూడా రాశారు.

గమనించారా? హెలెన్ జ్ఞాపకంలో ఆ క్షణపు ఆశ్చర్యం, ఆ తర్వాత బొమ్మ గురించి కలిగిన పశ్చాత్తాపం పూర్తిగా ఉన్నాయి. పాఠం మాత్రం లేదు. మగ్ ఎందుకు చేతికిచ్చారు? ఒక చేతిలో పాత్ర, అందులోకి వచ్చి పడే వస్తువు, ఇంకో చేతిలో పేరు. పాత్ర వేరు, పాత్రలోది వేరు అని చేతులకే తెలిసేలా చేసిన ఏర్పాటు అది. దానికి కారణం టీచరు మనసులో ఉంది, పిల్లకు కనిపించేది కాదు. హెలెన్ కథనం ఒక్కటే మిగిలి ఉంటే ఆ పాఠం వెనక ఉన్న ఆలోచన మనకు దక్కేది కాదు. శిష్యుల జ్ఞాపకాలు సేకరించేవాళ్లు ఎప్పుడూ గుర్తుంచుకోవలసిన లోటు ఇది.

ఇక ప్రశ్నలు. “ఆయన చాలా కఠినంగా ఉండేవారా?” అని అడిగారంటే పని చెడినట్టే. కఠినం అన్న మాట మీరు అందించారు, అవతలివాళ్లు దానికి తగ్గ సంఘటనలు వెతుక్కుంటారు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే పరిశోధకులు కార్లు ఢీకొన్న దృశ్యం చూపించి వేగం ఎంత ఉంటుందో అడిగారు. కొందరి దగ్గర ‘తగిలినప్పుడు’ అన్నారు, కొందరి దగ్గర ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ అన్నారు. వారం తర్వాత “అద్దం పగిలిన ముక్కలు చూశారా?” అని అడిగితే, మొదటి రకం మాట విన్న 50 మందిలో 7 మంది, రెండో రకం మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. దృశ్యంలో పగిలిన అద్దమే లేదు. ఒక్క క్రియాపదం ఎంత పని చేసిందో చూడండి. అందుకని మీ ప్రశ్నలో విశేషణం ఉండకూడదు. “పిల్లలు తప్పు చెబితే ఏం చేసేవారు?”, “గదిలోకి రాగానే మొదట చేసే పని ఏమిటి?”, “బోర్డు మీద ముందు ఏం రాసేవారు? చెరిపేది ఎప్పుడు?” ఇలా అడగండి.

ఇంకో సంగతి. జవాబుల్లో “చెప్పేవారు, చేసేవారు, తిట్టేవారు” అని వస్తున్నంతసేపూ మీకు అందుతున్నది అనేక రోజుల సారాంశం. అందులో వివరాలు ఉండవు. అక్కడ ఆగి, “అలా చేసిన ఒక్క రోజు చెప్పండి. ఆ రోజు ఏ పాఠం? మీరు ఎక్కడ కూర్చున్నారు?” అని అడగాలి. క్రియ “చెప్పారు, చేశారు, నవ్వారు”కు మారిందంటే మనిషి ఒక సంఘటనలోకి వెళ్లారని గుర్తు. అప్పుడు అడ్డు రావద్దు. కొందరికి ఒక్క రోజు అంటూ ఏదీ గుర్తు రాదు. మూడుసార్లు గుచ్చి అడిగితే మనల్ని తృప్తిపరచడానికి ఏదో ఒకటి అల్లి చెబుతారు. ఒకసారి అడగండి, రాకపోతే వదిలేసి ఇంకో వైపు వెళ్లండి.

మౌనం గురించి కూడా చెప్పాలి. 1970లలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదుల్లో రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. ఆ విరామం మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, అంతవరకూ నోరు విప్పనివాళ్లూ మాట్లాడారు. ఇది మనకు రెండు విధాలా పనికొస్తుంది. “మాస్టారు ప్రశ్న వేశాక ఆగేవారా, వెంటనే ఇంకొకర్ని లేపేవారా?” అన్నది అడగదగ్గ ప్రశ్న. మీరు అడిగేటప్పుడు కూడా అదే పాటించండి. జవాబు అయిపోయిందనిపించాక మనసులో అయిదు లెక్కపెట్టండి. మంచి వివరాలు చాలాసార్లు ఆ విరామం తర్వాతే వస్తాయి.

మాటలతో రానిది గీతతో వస్తుంది. ఒక తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చి తరగతి గది గీయమనండి. తలుపు ఎటు, బోర్డు ఎటు, వెలుగు ఎటునుంచి వచ్చేది, తాము ఎక్కడ, పక్కన ఎవరు, మాస్టారు నిలబడే చోటు ఎక్కడ. గీస్తూనే మాట్లాడతారు కాబట్టి రికార్డరు ఆపకండి. బొమ్మ అందంగా రాలేదని సిగ్గుపడితే డబ్బాలు చాలని చెప్పండి. గ్రూపు ఫొటో మాత్రం ముందే చూపించకండి. ఫొటోలో ఉన్నది జ్ఞాపకంలోకి చేరిపోతుంది, ఆ తర్వాత ఏది గుర్తున్నదో, ఏది ఫొటోలో చూసినదో వాళ్లకే తెలియదు. ముందు తమంతట తాము చెప్పనివ్వండి, తర్వాత బొమ్మ గీయించండి, ఫొటోలూ నోటుపుస్తకాలూ చివర.

నేర్చుకున్న అనుభవం గురించి అడిగేటప్పుడు మూడు చోట్ల ఆగాలి: అంతకు ముందు ఏం చేతకాలేదు, ఆ అడ్డం తొలగడానికి ఏం జరిగింది, ఎవరి సాయమూ లేకుండా మొదటిసారి ఎప్పుడు చేశారు. జనం మధ్యలోదే చెబుతారు. మొదటిది చెప్పడానికి నామోషీ, మూడోది పెద్ద విషయమని అనిపించదు. కానీ మూడోది లేకపోతే నేర్చుకున్నట్టు రుజువు లేదు.

ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఒకటి ఉంది. “మీకు బాగా నచ్చిన టీచరు ఎవరు?” అన్న ప్రశ్నతో మొదలుపెట్టే పద్ధతి మానాలి. నచ్చడం, నేర్వడం ఒకటి కావు. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో కొందరు ఒక పాఠాన్ని రెండోసారి చదివారు, కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి: నూటికి 81, రాసినవాళ్లకు 75. వారం తర్వాత తిరగబడింది. చదివినవాళ్లకు 42, రాసినవాళ్లకు 56. 2019లో హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం తరగతుల మీద అచ్చయిన పరిశోధనలోనూ అంతే. సాఫీగా సాగిన ఉపన్యాసం విన్నవాళ్లు ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు, పరీక్షలో మాత్రం కుస్తీపట్టి లెక్కలు చేసినవాళ్లకే ఎక్కువ వచ్చింది. ప్రతిరోజూ పుస్తకం మూయించి నిన్నటి పాఠం రాయించిన మనిషి, పిల్లల్ని లేపి వాళ్ల చేతే చెప్పించిన మనిషి ఇష్టమైనవారి జాబితాలో చేరకపోవచ్చు. చక్కగా నవ్వించి, కథలు చెప్పినవారు చేరతారు. అందుకని ఇలా అడగండి: “ఇప్పటికీ మీరు వాడుతున్న పద్ధతి ఏది? అది ఎవరి దగ్గర అలవాటైంది?” సన్మానాలు అందుకోని పేర్లు అప్పుడు బయటికి వస్తాయి. అవి బయటికి రావడం న్యాయం కూడా.

రికార్డింగు సంగతి త్వరగా చెబుతాను. ధ్వనిని 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ (ధ్వనిని కుదించకుండా దాచే) ఫైలుగా తీసుకోండి. ఒక ఛానెల్ అయితే గంటకు అర గిగాబైటు పైచిలుకు. ఎంపీ3లో తీస్తే తర్వాత బాగుచేయడానికి అంతగా పనికిరాదు. కాలరు మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి, గాజులూ గొలుసులూ రాసుకోకుండా చూడండి. గట్టిగా మాట్లాడినప్పుడు కూడా శబ్దం స్థాయి చూపే మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంటే క్షేమం. సున్నా తాకితే మాట చిట్లుతుంది, దాన్ని పూర్తిగా సరిచేయడం కష్టం. ఫ్యాను, గోడ గడియారం ఆపించండి. ఫోనుతో రికార్డు చేస్తుంటే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, కాల్ వస్తే రికార్డింగు ఆగిపోతుంది. మొదట తేదీ, చోటు, ఇద్దరి పేర్లు పలకండి. ఒక విడతలో గంట, గంటన్నర దాటొద్దు, పెద్దవాళ్లు అలిసిపోతే అన్నిటికీ అవుననేస్తారు. ఇంటికి రాగానే మూడు ప్రతులు: రెండు వేర్వేరు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్లోనో, క్లౌడ్‌లోనో.

రాసుకునే పని ఎక్కువ. గంట మాటకు చేత్తో నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. యంత్రం చేత రాయించుకున్నా పేర్లు, ఊళ్లు, యాస మాటలు తప్పు పడతాయి కాబట్టి వింటూ దిద్దాల్సిందే. యాసను గ్రాంథికంలోకి మార్చకండి. “అది ఎనిమిదో తరగతి... కాదు కాదు, తొమ్మిదిలో, సైన్సు గది మారాక” అన్న తడబాటును శుభ్రం చేయకండి. గది మారడం అనే గుర్తుతో ఆ మనిషి కాలాన్ని సరిచేసుకుంటున్నారు. ఆ తడబాటే ఆ సమాచారానికి సాక్ష్యం.

సరిచూడడానికి తోటి విద్యార్థులను అడుగుతాం కదా, అందరినీ ఒకచోట కూర్చోబెట్టకండి. మొదట మాట్లాడిన గట్టి గొంతు చెప్పిందే అందరి జ్ఞాపకమూ అయిపోతుంది. విడివిడిగా రికార్డు చేశాక, కావాలంటే కలిసి కూర్చోమనండి. సంవత్సరాలు మాత్రం మనుషుల్ని నమ్మి వేయకండి. మార్కుల పత్రం, హాజరు పట్టీ, టి.సి., పాత పాఠ్యపుస్తకం మీద ముద్రణ సంవత్సరం చూడండి. ఇద్దరి మాట కలవకపోతే రెండూ అచ్చు వేయండి. ఏది నిజమో తీర్పు చెప్పడం మీ పని కాదు.

(సభలో ఒకరు: కొందరు కొట్టిన టీచర్ల గురించి, అవమానించిన టీచర్ల గురించి చెబుతారు. అవి ఏం చేయాలి?)

తప్పకుండా తీసుకోవాలి. గురువుల సంచిక కదా అని అవి తీసేస్తే మిగిలినదాన్నీ ఎవరూ నమ్మరు. మాట్లాడే ముందే చెప్పండి, ఎప్పుడైనా ఆపవచ్చని, రికార్డు చేశాక కూడా ఏ భాగమైనా వెనక్కి తీసుకోవచ్చని. అది కాగితం మీద రాసి సంతకం తీసుకోండి, ఒక ప్రతి వాళ్లకివ్వండి. అచ్చులో ఏం జరిగిందో ఉండాలి, ఎవరో తెలిసే గుర్తులు ఉండకూడదు. పేరు తీసేసి ఊరు, సబ్జెక్టు, సంవత్సరం ఉంచితే పేరు ఉంచినట్టే. చెబుతున్నవాళ్లు కలత పడితే, “అయినా దానివల్లే బాగుపడ్డారు కదా” అని మాత్రం అనకండి. ఆ మాట వాళ్లు అనాలి, అనకపోతే అనకపోవాలి.

(ఇంకొకరు: మాస్టారు ఇంకా ఉన్నారు. ఎనభై దాటాయి. ఆయన్నే అడగవచ్చా?)

ముందు ఆయన దగ్గరికే వెళ్లండి, వీలైతే ఈ వారమే. సలివన్ ఉత్తరంలో ఉన్నదీ, హెలెన్ జ్ఞాపకంలో లేనిదీ ఆయన దగ్గర ఉంటుంది. పాఠం నోట్సు, ప్రశ్నపత్రాల చిత్తుప్రతులు ఉన్నాయేమో అడగండి. “మీ పద్ధతి ఏమిటండీ?” అంటే మామూలు మాటలే వస్తాయి. దానికి బదులు ఒక పాఠం చెప్పించండి. ఏ పాఠమో ఆయన్నే ఎంచుకోమని ముందు రోజు చెప్పండి. గోడకు బోర్డు, చేతికి సుద్దముక్క ఇవ్వండి. కెమెరాను బోర్డు, చేయి, మొహం మూడూ కనిపించేంత దూరంలో స్టాండు మీద పెట్టి కదపకండి. ఎదురుగా ఆ పాఠం నిజంగా రాని ఒక పిల్లనో పిల్లవాణ్నో కూర్చోబెట్టండి. ఇది ముఖ్యం. తెలిసినవాళ్లు ఎదురుగా ఉంటే ఆయన మెట్లు దాటవేస్తారు. రాని పిల్ల తప్పు చెప్పినప్పుడే ఆయన అసలు పని మొదలవుతుంది. ఆ తప్పు వచ్చాక మీరెవరూ కల్పించుకోకండి.